బండికి తగ్గ పుస్తకం

పక్కింటివారి మందుచీటీ చూసి మన ఇంట్లో జ్వరానికి మాత్రలు వేస్తామా? వేయం. మోటారు సైకిలు విషయంలో మాత్రం నేను అలాంటి పనే చేశాను.

కొన్నేళ్ల క్రితం పాత పుస్తకాల దుకాణంలో ఒక మరమ్మతు పుస్తకం దొరికింది. అట్టమీద నా బండి పేరే ఉంది. సంబరంగా కొన్నాను. ఆదివారం ఇంజను ఆయిలు మార్చి, అడుగున ఉండే బోల్టును పుస్తకం చెప్పిన లెక్కకు బిగించసాగాను. బిగుస్తున్న బోల్టు ఒక్కసారిగా వదులై గిర్రున తిరిగింది. అల్యూమినియంలోని మరలు అరిగిపోయాయి! ఆ పుస్తకం అదే పేరుగల పాత నమూనాది. దాని బోల్టు నా బండి బోల్టుకంటే లావు. తప్పు పుస్తకానిది కాదు, నా ఎంపికది.

బోల్టు బిగింపుకు లెక్క ఏమిటంటారా? 20 సెంటీమీటర్ల పానా కొసన 100 న్యూటన్ల బలంతో లంబంగా నొక్కితే బోల్టుపై పడేది 0.2 × 100 = 20 న్యూటన్-మీటర్లు. ఇదే బలభ్రామకం, అంటే టార్క్. పానాకు గొట్టం తొడిగి పొడవు రెట్టింపు చేస్తే అదే బలానికి టార్క్ కూడా రెట్టింపవుతుంది. ప్రమాణాలతోనూ జాగ్రత్త! 25 న్యూటన్-మీటర్లన్నా, సుమారు 2.5 కిలోగ్రామ్-మీటర్లన్నా, 18 పౌండు-అడుగులన్నా ఒకటే. అంకె చూసి ప్రమాణం చూడకపోతే బోల్టు బలి.

పేరు ఒకటే అయినా బండి ఒకటి కాదనడానికి బుల్లెట్ మంచి ఉదాహరణ. మద్రాసులో 1950లలో దీని తయారీ మొదలైంది. పాత బుల్లెట్‌లో నిప్పురవ్వ సమయాన్ని కాంటాక్టు పాయింట్లు నిర్ణయించేవి. వాటి ఎడాన్ని అప్పుడప్పుడు సరిచేయాలి. తర్వాత ఎలక్ట్రానిక్ పరికరం రావడంతో ఆ పాయింట్లే లేకుండా పోయాయి. 2020లో భారత్ స్టేజ్-6 నిబంధనలు వచ్చాక కార్బురేటర్ స్థానంలో ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. మరి పాత పుస్తకం కొత్త బండికి ఎలా పనికివస్తుంది?

పుస్తకాలలోనూ రకాలున్నాయి. బండితో ఇచ్చే యజమాని పుస్తకంలో టైర్లలో గాలి, ఆయిలు పరిమాణం వంటి నిత్యావసర విషయాలుంటాయి. విడిభాగాల పుస్తకంలో బొమ్మలు, నంబర్లు ఉంటాయిగాని పని చేసే పద్ధతి ఉండదు. విప్పే వరుస, బిగింపు లెక్కలు, అరుగుదల హద్దులు, కరెంటు తీగల పటం కావాలంటే సర్వీస్ మాన్యువల్ చూడాలి. మరమ్మతుకు కావలసింది ఇదే.

కొనేముందు రిజిస్ట్రేషన్ పత్రంలో బండి నమూనా, తయారైన నెల, సంవత్సరం చూడండి. అవి పుస్తకంతో సరిపోవాలి. ఆపైన మీకు తెలిసిన ఒక పని, ఉదాహరణకు చైను బిగించడం, ఆ పుస్తకంలో తీసి చదవండి. బొమ్మ, వరుస, కొలత మూడూ స్పష్టంగా ఉన్నాయా? ఉంటే అది మంచి పుస్తకం.

ఈ ఆదివారం ఇంట్లోని బండి యజమాని పుస్తకం తెరిచి టైరు గాలి పీడనం, ఆయిలు పరిమాణం, స్పార్క్ ప్లగ్ ఎడం వెతికి, ప్రమాణాలతో సహా రాసుకోండి. పానా మాత్రం పెద్దల సమక్షంలోనే పట్టండి. బ్రేకుల జోలికి అసలు పోకండి!