పసినాటి చేయూత

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపూరున, 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. అది మొదలు బండరాళ్లతో నిండిన ఆ ప్రదేశము హైటెక్ సిటీయై, గచ్చిబౌలి, కొండాపూరు వరకు విస్తరించినది. నేడచ్చట అద్దాల మేడలలో పనిచేయు ఇంజనీర్లును, ఆ మేడలను కట్టు కూలీలును ఇరుగుపొరుగున జీవించుచున్నారు. మేడలో పుట్టినను, రేకుల పాకలో పుట్టినను బిడ్డల యెదుగుదల యించుమించు ఒకే క్రమమున సాగును. కాని ఆ క్రమమున లోటు కలిగినప్పుడు వారికి లభించు సహాయము మాత్రము ఒక్కటి కాదు.

సాధారణముగా బిడ్డ నాలుగు నెలలకు మెడ నిలుపును. తొమ్మిది నెలలకు ఆసరా లేక కూర్చుండును. ఏడాది దాటిన కొలది కాలమునకు అడుగులు వేయును. అత్త, తాత అని పలుకును. కొందరి యందు ఇవి మిక్కిలి ఆలస్యమగును. పిలిచినను తిరిగి చూడకుండుట, వచ్చిన మాటలు పోవుట మున్నగునవి గమనింపదగిన గుర్తులు. “వాని తండ్రికిని మాటలు ఆలస్యముగనే వచ్చినవి” అని పెద్దలు ఓదార్చుట కలదు. అది ప్రేమతో పలికిన మాటయే. కాని దానిని నమ్మి యూరకుండినచో విలువైన కాలము గడచిపోవును. ఏలయన మెదడు మిక్కిలి వేగముగా వికసించునది తొలి యేండ్లలోనే. అందువలన వినికిడి లోపమును నెల లోపల పరీక్షించి, మూడు నెలల లోపల నిర్ధారించి, ఆరు నెలల లోపల సహాయము ఆరంభింపవలెనని నిపుణులు నియమము చేసిరి.

ఆ సహాయమెట్టిది? అన్నము తినుట మనకు ఒక్క పని. ప్రత్యేకోపాధ్యాయునకు అది ముద్ద కలుపుట, పట్టుట, ఎత్తుట, నోట నుంచుట అను నాలుగు మెట్లు. అతడు మొదటి మూడింటిని బిడ్డ చేతిపై తన చేయి వేసి చేయించి, కడపటి మెట్టును బిడ్డకు విడుచును. అది అలవడిన పిదప కడపటి రెండింటిని విడుచును. ఇట్లు బిడ్డకు ప్రతి పూటయు గెలుపే కలుగును. ఈ పద్ధతిని తల్లికి నేర్పుట అతని ముఖ్య ధర్మము. నిపుణుడు బిడ్డను గంటసేపు చూచును. తల్లి దినమంతయు చూచును.

ఇట్టివారికి శిక్షణ నిచ్చు జాతీయ సంస్థ 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగరున వెలసినది. 2021 జూనులో దేశమున ప్రారంభమైన 14 శీఘ్ర సహాయ కేంద్రములలో ఒకటి సికింద్రాబాదునకు లభించినది. 1992 నాటి చట్టము ననుసరించి ప్రత్యేకోపాధ్యాయులు భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసికొనవలెను. ధనవంతులును ఈ నమోదును విచారింపక రుసుము చెల్లించినచో మోసపోవచ్చును.

కూలి తల్లి కష్టము వేరు. బిడ్డను కేంద్రమునకు తీసికొని పోయిన నాడు ఆమెకు కూలి లేదు. పాలమూరు నుండియో, ఒడిశా నుండియో వచ్చిన ఆమెకు నిపుణుని భాష తెలియకపోవచ్చును. కట్టడము ముగియగానే కుటుంబము మరియొక చోటికి తరలును. బిడ్డ అభ్యాసము నడుమ తెగిపోవును. కావున అందరికిని తలుపు తెరచి యుంచుట మాత్రమే న్యాయము కాదు. తలుపు వద్దకు రాలేనివారి కడకు పోవుటయు న్యాయమే.

ఇందులకు మార్గములు లేకపోలేదు. 1975లో అంగన్‌వాడీలు ఆరంభమైనవి. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకును పాఠశాలలకును వచ్చి పిల్లలను పరీక్షించుచున్నవి. దివ్యాంగ శిశువులను గుర్తించి తోడ్పడు విధానమును 2023లో కేంద్ర ప్రభుత్వము అంగన్‌వాడీలకై ప్రకటించినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము తగిన వైకల్యము గల బాలలకు ఆరు మొదలు పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా నొసగినది. ప్రాథమిక పాఠశాలలలో అట్టి పదిమంది పిల్లలకు ఒక ప్రత్యేకోపాధ్యాయుడుండవలెనని 2021లో సుప్రీంకోర్టు తెలిపినది. అయినను ఆ విద్యాహక్కు ఆరవయేట మొదలగును. మెదడు ఆరవయేటి వరకు వేచియుండదు. ఆ నడిమి కాలమున కూలి బిడ్డకు దిక్కు అంగన్‌వాడీయే.

మాట రాని బిడ్డను మూగయని పిలువక, వానితో ఆడి, వాని తల్లికి అంగన్‌వాడీ దారి చూపుట విద్యార్థులకును సాధ్యమైన పనియే. తగిన కాలమున అందిన చిన్న చేయూత, కాలము మించిన పిదప చేయు పెద్ద సాయము కంటె మిన్న.