మీకు తెలుసా? మామిడి ఊరి వజ్రం

నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరు మామిడికే కాదు, వజ్రాలు దొరికే ఓ రాతిపొరకూ ఉంది! గులకరాళ్లు అతుక్కుని గట్టిపడిన ఆ పొరను భూగర్భ శాస్త్రజ్ఞులు ఊరి పేరుతోనే పిలుస్తారు.

ముడి వజ్రం తరచుగా ఎనిమిది ముఖాలతో, రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఉంటుంది. నడిమికి కోస్తే చదరపు అడుగున్న రెండు పిరమిడ్లు. అందుకే చదరపు ‘ప్రిన్సెస్’ కోతలో వృథా తక్కువ. గుండ్రటి ‘బ్రిలియంట్’ కోతలో సగానికి పైగా బరువు పొడిగా రాలిపోవచ్చు. మెరుపులో మాత్రం గుండ్రానిదే పైచేయి.

పల్నాడులోని కొల్లూరులో దొరికిన రీజెంట్ వజ్రం ముడిగా సుమారు 410 క్యారెట్లు. దిండు ఆకారానికి చెక్కాక మిగిలింది 140.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో నిశ్చితార్థం ఉంగరం కొనేవారు, అదే బరువున్న గుండ్రటి రాయికి ధర ఎక్కువెందుకని షాపులో అడగక్కర్లేదు.