మీ బోరు నీళ్లు పరీక్ష చేయించారా?



ఊరు మంచిదే గాని నీళ్లు మంచివి కావని యెరికో వారు ఎలీషా ప్రవక్తకు చెప్పుకొన్నారు. తెలుగు పల్లెల్లోనూ ఈ బాధ ఉంది. నీటిలోని ఫ్లోరైడ్ వలన ఎముకలు బిగుసుకుపోతున్నాయని అప్పటి నెల్లూరు జిల్లా గురించి 1937లోనే వైద్యులు రాశారు. నల్గొండ సంగతి అందరికీ తెలిసిందే.

ఏ ఊరి నీటిలో ఎంత ఫ్లోరైడ్ ఉందో తెలిసేదెలా? కేంద్ర భూగర్భ జల మండలి బావుల నీటిని పరీక్షించి, ఆ లెక్కలను అక్షాంశ రేఖాంశాలతో సహా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచుతుంది. వాటిని మ్యాపు మీద పెడితే ఒక్కో బావి ఒక్కో చుక్క అవుతుంది. అందులో మన చుట్టుపక్కల ఊళ్లవి ఏరి మేము రిజిస్టరులో రాస్తున్నాము: ఊరి పేరు, బావా బోరా, ఎంత లోతు, ఏ సంవత్సరం పరీక్ష, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు. సంవత్సరం తెలియని లెక్కలను వేరే పేజీలో ఉంచుతాము. వాటిని నమ్మి నీళ్లు మంచివని ఎవరికీ చెప్పము.

అయితే మ్యాపులో చుక్క మీ బోరు కాదు. పక్క వీధిలో ఫ్లోరైడ్ తక్కువున్నా మీ ఇంట్లో ఎక్కువ ఉండవచ్చు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికీ వంటకూ వాడవద్దు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా పెరుగుతుంది. వంగిన ఎముకలను మందులు సరిచేయలేవు. కనుక పిల్లలున్న ఇళ్లవారు ఆలస్యం చేయకండి.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు పరీక్ష కాగితం తీసుకురండి, రిజిస్టరులో చేర్చుకుంటాము. ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక.