మూగనోము పట్టిన రేడియో

మా మేనల్లుడు చికాగోలో చదువుకుంటున్నాడు. అక్కడికి వెళ్లిన మన కుర్రవాళ్లు చాలామంది చేసే పనే వాడూ చేశాడు. ఎవరో వాడి వదిలేసిన హోండా అకార్డ్ ఒకటి కొన్నాడు. బేరం బాగానే కుదిరింది. జనవరి చలికి బ్యాటరీ చచ్చింది. కొత్తది వేయిస్తే కారు కదిలింది గాని, రేడియో మూగనోము పట్టింది. తెర మీద ‘కోడ్’ అన్న ఒక్క ముక్క తప్ప ఉలుకూ పలుకూ లేదు.

“పాట లేకపోతే ఏం పోయిందిరా, రోడ్డు చూసి నడుపు” అన్నాను ఫోనులో.

“పాట కోసం కాదు మామయ్యా. ఇది దొంగబండేమో చూసుకోరా అంటున్నాడు మా గదిలో వాడు.”

నా గుండె గతుక్కుమంది. పరాయి దేశం, వీసా మీద వున్న పిల్లవాడు!

ఆ తాళం పుట్టింది దొంగల మూలంగానే. 1980ల్లో న్యూయార్కులో కార్ల అద్దాలు పగలగొట్టి రేడియోలు ఎత్తుకుపోవటం ఎంత ముదిరిందంటే, ‘రేడియో లేదు’ అని అట్టముక్క మీద రాసి, అద్దంలో పెట్టి పోయేవారు జనం. కొందరు రేడియోను ఊడదీసి, చంకన పెట్టుకుని హోటలుకు వెళ్లేవారు. ఈ బాధ పడలేక కంపెనీలు రేడియోకే ఒక రహస్య సంఖ్య నేర్పాయి. కరెంటు లేకపోయినా చెరగని చిన్న చిప్పులో అది దాగి వుంటుంది. బ్యాటరీతో సంబంధం ఒకసారి తెగిందా, తిరిగి కరెంటు తగలగానే ఆ సంఖ్య చెప్పమంటుంది. తీగ తెంపినవాడు దొంగా, బ్యాటరీ మార్చిన మెకానిక్కా అన్న వివేకం పాపం దానికి లేదు.

మావాడు తోచిన అంకెలల్లా నొక్కాడు. పది తప్పులు కాగానే అది గంటసేపు మాట్లాడనన్నది. పోనీ, వరసగా అన్నీ నొక్కుకుంటూ పోతే? ఆరు మీటలు, అయిదంకెల కోడు: మొత్తం 7,776 రకాలు. గంటకు పది చొప్పున రాత్రింబవళ్లు కూర్చున్నా 32 రోజులు పడుతుంది. ఆ గంటసేపూ రేడియో ఆన్‌లోనే వుంచాలి గనుక, ఈలోగా కొత్త బ్యాటరీ కూడా చస్తుంది! ఫోక్స్‌వాగన్, స్కోడా పాత బళ్లలో కొన్ని రేడియోలు ఇంకా కోపిష్ఠివి. రెండు తప్పులకే గంట శిక్ష.

హోండాలో గ్లవ్ బాక్స్ లోపలి గోడకు చిన్న చీటీ వుంటుంది చాలాసార్లు. లేదా మొదటి యజమానికి ఇచ్చిన కార్డు వుండాలి. మావాడి బండిలో ఆ చీటీ గీకేసిన మరకే మిగిలింది. దానితో భయం రెట్టింపయింది.

“ముందు రేడియో సంగతి వదిలేసి, బండి సంగతి చూడు” అన్నాను. డ్రైవరు వైపు ముందద్దం అడుగున 17 అక్షరాల గుర్తింపు నంబరు వుంటుంది. అది ఇస్తే, దొంగతనం ఫిర్యాదు ఏదైనా వున్నదేమో నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో వారి వెబ్‌సైట్ ఉచితంగా చూపిస్తుంది. ఏమీ లేదు. యాజమాన్య పత్రంలో నంబరూ అదే. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

ఇక మిగిలింది సులువు. కొన్ని మోడళ్లలో 1, 6 మీటలు కలిపి నొక్కిపట్టి రేడియో వేస్తే సీరియల్ నంబరు తెర మీదే కనిపిస్తుంది. మరికొన్నింటిలో రేడియోను బయటికి లాగి చూడవలసిందే. ఆ నంబరూ బండి నంబరూ ఇస్తే, అమెరికాలో హోండావారు కోడు ఉచితంగా చెబుతారు. సీరియల్ నంబరు పంపితే చాలు, డబ్బుకు కోడు అమ్మేవాళ్లూ వున్నారు. వాళ్లు మనకు అమ్మగలిగినప్పుడు దొంగకు అమ్మరా? అందుకే విడిగా పాత రేడియో కొనేవారు కోడు కాగితం చేతికి వచ్చి, కళ్లెదుట అది పలికేదాకా జేబులో చెయ్యి పెట్టకూడదు.

మావాడు కారులో కూర్చుని అయిదంకెలు నొక్కాడు.

“వినపడుతోందా మామయ్యా?”

వినపడింది. వాతావరణ వార్తలు. రాత్రికి మళ్లీ మంచు పడుతుందట.