వేలికి వెల ఎంత?

‘పరిహారం’ అనే మాట మన యిళ్ళలో ఎక్కువగా జాతకాల దగ్గర వినిపిస్తుంది. శనికి పరిహారం, కుజదోషానికి పరిహారం. మరమగ్గంలో చేయి నలిగినవాడికీ, పరంజామీంచి పడ్డ తాపీమేస్త్రికీ కూడా ఒక పరిహారం వున్నదనీ, దాన్ని లెక్కకట్టి యిప్పించే చట్టం 1924 జూలై 1ననే మన దేశంలో అమలులోకి వచ్చిందనీ తెలిసినవారు తక్కువ. 1923లో చేసిన ఆ పాత చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. పేరు మారినా ప్రాణం అదే. పనిలో, పని కారణంగా ప్రమాదం జరిగితే పరిహారం యజమాని చెల్లించాలి. ఆయన తప్పు చేశాడని నిరూపించనక్కర లేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం 2022 దాకా ఒకే చిత్తూరు జిల్లాలోవి. మదనపల్లెను ఆనుకొని నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాలు; పుంగనూరులో ఏ వీధి చూసినా కట్టుబడి పనులు; కుప్పంలో గ్రానైటు క్వారీలు, రోజూ బెంగుళూరు రైలెక్కి వెళ్ళే ఉద్యోగాలు. పనులు వేరైనా ప్రమాదం జరిగిన మర్నాడు వినిపించే మాట మాత్రం ఒకటే: “పాపం, మనవాడే కదా, ఏదో సాయం చేద్దాంలే.” ఆ ‘సాయం’ అన్న మాట దగ్గరే సంసారాలు మోసపోతాయి.

లెక్క చూడండి. నెలకు 12,000 రూపాయలు తెచ్చుకొనే ముప్పై ఏళ్ళ మనిషి వున్నాడనుకుందాం. చట్టం ప్రతి వయస్సుకూ ఒక గుణకం పెట్టింది. ముప్పై ఏళ్ళకు అది 207.98, యాభై ఏళ్ళకు 153.09. ఆ మనిషి మరణిస్తే జీతంలో సగాన్ని, అంటే 6,000ను, గుణకంతో హెచ్చవేయాలి: 12,47,880 రూపాయలు. బతికి, ఏ పనీ చేయలేని స్థితికి వస్తే జీతంలో నూటికి 60 వంతులు లెక్క: 14,97,456 రూపాయలు. బొటనవేలు పోతే సంపాదనశక్తిలో 30 శాతం నష్టమని చట్టం జాబితాలో వున్నది. అంటే 4,49,000 పైచిలుకు. వైద్యానికైన అసలు ఖర్చు దీనికి అదనం.

జాబితాలో వున్న శాతమే కడపటి మాటా? కాదు. 1968 జూలైలో ఒడిశాలోని జయపురంలో ఒక సినిమాహాలులో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి కింద పడ్డాడు. ఎడమచేయి మోచేతిపైన తీసివేయవలసి వచ్చింది. ఒక చేయి పోతే మొత్తం శక్తి పోయినట్లు ఎలా అవుతుందని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక యీ మనిషికి నష్టం సంపూర్ణమేనని 1975 డిసెంబరులో కోర్టు తేల్చింది. చెల్లించే బాధ్యత ప్రమాదం జరిగిన రోజే పుడుతుందని కూడా చెప్పింది. మగ్గం మీద బతికే మనిషికి బొటనవేలు పోతే, అతని వృత్తిని బట్టి నష్టం చూడమని అడగడానికి యీ తీర్పు ఆధారం.

పుంగనూరులో మేస్త్రి పరంజామీంచి పడి మరణించాడనుకోండి. చావింట్లో కాంట్రాక్టరు చేతికిచ్చిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదు. మూడు నెలల జీతానికి మించకుండా యిచ్చిన అడ్వాన్సును మాత్రం మినహాయించుకోవచ్చు. అసలు సొమ్ము కార్మికశాఖ అధికారి దగ్గర జమచేయాలి. మృతుడి మీద ఆధారపడినవాళ్ళకు ఆయన పంచుతాడు. “యిక నాకే హక్కూ లేదు” అని ముందే వ్రాయించుకున్న కాగితం చెల్లదు. యిల్లు కట్టించుకొనే మనం కూడా పని అప్పగించే ముందే, “మీ మనుషులకు యిన్సూరెన్సు వున్నదా?” అని కాంట్రాక్టరును అడగడం మంచిది.

కుప్పం వైపు మరో సంగతి వున్నది. రాతిదుమ్ము ఏళ్ళతరబడి పీల్చితే వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి చట్టం జాబితాలో వున్నది. దాన్ని ప్రమాదంగానే లెక్కిస్తారు. ఇక, యింటినుంచి పనికి, పనినుంచి యింటికి వెళ్ళే దారిలో జరిగే ప్రమాదం కూడా, పనితో సంబంధం రుజువైతే, కొత్త కోడ్ కిందికి వస్తుంది. రైలు ఉద్యోగుల యిల్లాళ్ళు యీ మాట గుర్తుంచుకోవాలి.

మినహాయింపులు లేకపోలేదు. తాగి పనిచేసినా, రక్షణకని పెట్టిన సాధనాన్ని కావాలని తీసివేసినా మామూలు గాయానికి పరిహారం రాదు. అయితే మరణానికీ, శాశ్వతమైన పూర్తి అశక్తతకూ యీ అభ్యంతరం అడ్డురాదు. ఈ.ఎస్.ఐ. వర్తించే కార్మికుడైతే యజమానిని కాక ఆ కార్పొరేషన్‌నే ఆశ్రయించాలి.

మరి ఏం చేయాలి? ప్రమాదం సంగతి వెంటనే యజమానికి వ్రాతమూలకంగా తెలియజేసి, నకలు దాచుకోవాలి. ఆసుపత్రి చీటీలో గాయం ‘పనిలో’ తగిలిందని వ్రాయించాలి. జీతం చీటీ గానీ, బ్యాంకు పుస్తకం గానీ, తోటి పనివాళ్ళ సాక్ష్యం గానీ పోగుచేసుకోవాలి. దరఖాస్తుకు పాత చట్టం రెండేళ్ళు గడువిచ్చింది, కోడ్ కూడా ఆ రెండేళ్ళే యిచ్చింది. గడువుంది కదా అని కూర్చుంటే సాక్షులు చెదిరిపోతారు. అన్నిటికీ మించి, చదివి అర్థం చేసుకోని కాగితం మీద వేలిముద్ర వేయకూడదు. వేలు పోయిన యింట్లో మిగిలిన వేళ్ళనైనా జాగ్రత్తగా వాడుకోవాలి కదా!