భోజన నియమము – పిల్లల చేతి సెల్‌ఫోను



మన ఋషులు ఆహారాన్ని కేవలం కడుపు నింపే పదార్థంగా చూడలేదు. భోజనాన్ని ఒక యజ్ఞంగా భావించారు. భోజనారంభంలో తీసుకొనే తొలి ముద్దలు ప్రాణ, వ్యాన, అపాన, సమాన, ఉదానములనే పంచప్రాణాలకు అర్పించే ఆహుతులని ఛాందోగ్యోపనిషత్తు వివరించింది. ప్రాణుల దేహాలలో వైశ్వానరాగ్నిగా నిలిచి, నాలుగు విధములైన అన్నాన్ని పచనం చేసేది తానేనని శ్రీకృష్ణ పరమాత్మ గీత పదునైదవ అధ్యాయంలో తెలియజేశాడు. హోమకుండం ఎదుట కూర్చుని, చూపు మరొకచోట నిలిపి ఆహుతి వేసే ఋత్విక్కును మనం మెచ్చుకొంటామా? మెచ్చుకొనము. మరి పిల్లవాడు సెల్‌ఫోనులో బొమ్మలు చూస్తూ నోరు తెరుస్తుంటే, ఆ నోట మనం ముద్ద పెడుతుంటే, ఆ యజ్ఞానికి కర్త ఎవరు?

నేడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పట్టణమని, పల్లె అని భేదం లేకుండా ఈ అలవాటు కనిపిస్తున్నది. 2020 మార్చిలో బడులు మూతపడి, పాఠాలు ఫోనులోకి వచ్చాయి. తరువాత బడులు తెరిచారు కాని, అనేక గృహాలలో ఫోను పిల్లల చేతిలోనే ఉండిపోయింది. ఇందుకు తల్లులను నిందించుట మా ఉద్దేశం కాదు. పొలంలోనో, పలాస జీడిపప్పు కర్మాగారంలోనో పగలంతా శ్రమించి వచ్చిన తల్లికి, మారాం చేసే బిడ్డ చేత నాలుగు ముద్దలు తినిపించడం ఎంత కష్టమో మేము ఎరుగుదుము.

కొందరు భక్తులు మమ్ములను ఇలా ప్రశ్నిస్తారు: “పూర్వం తల్లులు చందమామను చూపించి బువ్వ పెట్టలేదా? అదీ మరపించడమే కదా?” ఇది ఆలోచింపదగిన ప్రశ్న. చందమామను చూపే తల్లి బిడ్డను చంకనెత్తుకొంటుంది. మాటలాడుతుంది, పాడుతుంది, నవ్విస్తుంది. బిడ్డ ఒకసారి ఆకాశాన్ని చూస్తే, పదిసార్లు తల్లి ముఖం చూస్తాడు. చంద్రుడు క్షణానికొక బొమ్మ మార్చడు; కంటిని కట్టిపడవేయడు. “చాలమ్మా” అని బిడ్డ తల తిప్పితే తల్లికి తెలుస్తుంది. ఫోను చూస్తున్న బిడ్డ తల తిప్పడు. ఆకలి తీరినదో లేదో, తిన్నది పులుపో కారమో వానికే తెలియదు. చందమామ తల్లిని బిడ్డకు చేరువ చేశాడు. ఫోను తల్లిని పక్కన కూర్చోబెట్టి, చేతిని మాత్రం ఉంచుకొన్నది.

భోజన సమయంలో మాటలు, నవ్వులు మాని మనస్సును ఆహారంపై నిలపాలని చరకసంహిత విమానస్థానం విధించింది. అయితే ఇంటిల్లిపాదీ ముచ్చటించుకొంటూ తినడం తప్పా అని సందేహం రావచ్చు. ఆ నియమానికి ప్రయోజనం మనస్సు అన్నంపై నిలవడమే. “మరికొంచెం పప్పు వేయనా?” అని తల్లి అడగడం, చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళిన రోజులను నాయనమ్మ చెప్పడం మనస్సును అన్నానికి దూరం చేయవు, దగ్గర చేస్తాయి. దూరం చేసేవి వాదులాటలు, టీవీ, ఫోను.

వైద్యశాస్త్రం కూడా ఇదే దారి చూపుతున్నది. రెండేళ్ళలోపు బిడ్డలకు తెర చూపడం తగదని, రెండు మొదలు నాలుగేళ్ళ వారికి దినానికి ఒక గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. కడుపు నిండినదన్న సంకేతం మనస్సుకు అందడానికి కొంత సమయం పడుతుంది. చూపు తెరపై ఉంటే ఆ సంకేతం గమనానికి రాదు. అందుచేత పిల్లలు కొందరు మితిమీరి తింటారు, కొందరు నమలక మింగుతారు.

మన జిల్లాల నుండి ఎందరో తండ్రులు పొట్టకూటికై విశాఖకు, హైదరాబాదుకు, విదేశాలకు వలస వెళ్ళారు. ఆ ఇండ్లలో బిడ్డ తండ్రి ముఖం చూసేది ఫోనులోనే. దానిని మేము దోషమని అనము. అయితే ఆ మాటలు భోజనానికి ముందో, తరువాతో సాగితే బిడ్డకు తండ్రీ దక్కుతాడు, అన్నమూ దక్కుతుంది.

ఆచరణకు కొన్ని నియమాలు మనవి చేస్తున్నాము. మొదట పెద్దలు తమ ఫోనును వేరొక గదిలో ఉంచాలి. తండ్రి చేతిలో ఫోను ఉండగా కుమారునికి చేసే బోధ నిలువదు. ఒక్కసారిగా కాక, రాత్రి భోజనంతో ప్రారంభించాలి. మంచినీళ్ళు పెట్టడం, కంచాలు వేయడం పిల్లలకు అప్పగించాలి. మొదటి దినాలలో బిడ్డ ఏడుస్తాడు. కొట్టరాదు, బలవంతంగా కుక్కరాదు. ఆకలి వేసినప్పుడు తానే అడుగుతాడు. బిడ్డ బొత్తిగా తినక చిక్కిపోతుంటే వైద్యునికి చూపించాలి.

రథసప్తమినాడు పిడకల మంటపై పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకులలో సూర్యనారాయణునికి నివేదిస్తాము. పాలు పొంగే వరకు ఇంటివారందరి చూపూ ఆ గిన్నెపైనే ఉంటుంది. ప్రత్యక్ష భగవానునికి చూపే ఆ శ్రద్ధలో కొంత, బిడ్డలోని వైశ్వానరునికి ప్రతి రాత్రీ చూపుదము గాక!

శుభం భూయాత్.