ఎయిర్‌గన్ కొనేముందు ఒక్కమాట

మామిడి పండుబారే రోజుల్లో తోటలున్న ఇళ్లలో రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టదు. అటక మీద ఏదో పరిగెత్తిన చప్పుడు. తెల్లారి చూస్తే తోపులో సగం కొరికి పడేసిన పండ్లు, కోళ్ల గూడు ముందు ఈకలు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు రైతులకు ఇదేం కొత్త కాదు. కొత్తగా వచ్చిందల్లా ఫోన్లో వీడియోలు చూసి, 'ఒక ఎయిర్‌గన్ తెచ్చుకుంటే సరిపోతుంది కదా, లైసెన్సు కూడా అక్కర్లేదట' అనుకోవడం. ఆ వీడియోల్లో చాలావరకు మన దేశానివి కావు. అక్కడ చెల్లే పని ఇక్కడ జైలుకు దారి తీయొచ్చు. ఎందుకో తెలియాలంటే ముందు న్యూజిలాండ్ సంగతి చూడాలి.

ఒకే జంతువు, రెండు చట్టాలు

న్యూజిలాండ్ రైతులు ఎయిర్‌రైఫిల్‌తో కొట్టేది పోసమ్ అనే జంతువును. పిల్లి అంత ఉంటుంది, తోక కుచ్చులా ఉంటుంది, కంగారూలాగే పిల్లను పొట్ట సంచిలో మోస్తుంది. పగలు చెట్టు తొర్రలోనో ఇంటి కప్పులోనో పడుకుని, చీకటి పడ్డాక తిండికి బయల్దేరుతుంది. దాని సొంత దేశం ఆస్ట్రేలియా. బొచ్చు వ్యాపారం కోసం 1837 మొదలు దాన్ని న్యూజిలాండ్‌కు తెచ్చి అడవుల్లో వదిలారు. గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే క్షీరదమే పుట్టని ద్వీపాలవి. పోసమ్‌ను పట్టి తినే జంతువు అక్కడ లేదు. దాంతో అది విపరీతంగా పెరిగి, చిగుళ్లు మేసి చెట్లను ఎండబెట్టింది, పక్షుల గుడ్లు తినేసింది, పశువులకు క్షయ అంటించింది. 2050 నాటికి దేశంలో పోసమ్, ఎలుక వంటి బయటి జంతువులు లేకుండా చేయాలని ఆ ప్రభుత్వం 2016లో లక్ష్యం పెట్టుకుంది. ఆ పనిలో కూడా పెద్ద భారం మోసేవి బోనులు, విషపు ఎరలు. ఎయిర్‌రైఫిల్ ఇంటి చుట్టుపక్కల వాడుకునే చిన్న సాధనం మాత్రమే.

అదే పోసమ్ ఆస్ట్రేలియాలో రక్షిత జంతువు. ఇంటి కప్పులో దూరినా అనుమతి లేకుండా చంపకూడదు. జంతువు మారలేదు, దాని నోరు, దాని ఆకలి మారలేదు. ఒకచోట అది పుట్టిన నేల, ఇంకోచోట మనుషులు తెచ్చి పడేసిన నేల. చట్టం చూసేది ఆ తేడానే.

మన అటక మీదున్నది ఎవరు?

మన పల్లెల్లో పోసమ్ చేసే పనులన్నీ చేసేది మానుపిల్లి. బరువు రెండు నుంచి ఐదు కిలోల దాకా ఉంటుంది. బూడిద రంగు ఒళ్లు, నల్లటి కాళ్లు, ఒంటితో సమానమైన పొడవాటి తోక. పెంకుటింటి చూరులోనో, పాత మిద్దె సందుల్లోనో, తాటిచెట్టు మట్టల నడుమనో పగలంతా పడుకుంటుంది. మామిడి, సపోటా, నేరేడు, ఈతపండ్లు ఇష్టంగా తింటుంది. కల్లు ముంత దొరికితే దాన్నీ వదలదు. కోడిపిల్ల కనిపిస్తే పట్టుకుపోతుంది, నిజమే. అయితే అదే నోటితో గడ్డివామి కింద ఎలుకలను కూడా తింటుంది. దాని పెంటను పుల్లతో కదిపి చూస్తే పండ్ల గింజలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. గట్ల మీద ఎవరూ నాటకుండానే లేచిన నేరేడు, ఈత మొక్కల్లో దాని వాటా కొంత ఉంటుంది.

దీనికి దగ్గరి చుట్టం పునుగు పిల్లి. తిరుమలలో శుక్రవారం అభిషేకం వేళ స్వామివారికి వాడే పునుగు తైలం దాని నుంచి వచ్చేదే. ఇవి రెండూ ఈ నేల మీద పుట్టి పెరిగిన జంతువులు, చట్టం రక్షణలో ఉన్నవి.

లైసెన్సు వేరు, వేట వేరు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గొట్టం వ్యాసం 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉండే ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. అది తుపాకీని దగ్గర ఉంచుకోవడానికి సంబంధించిన మినహాయింపు. దాంతో దేన్ని కొట్టొచ్చో చెప్పేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఆ చట్టం దృష్టిలో చంపడం ఒక్కటే వేట కాదు. గాయపరచడం, ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, చివరికి ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. గురి తప్పిందని చెప్పుకున్నా కేసు తప్పదు.

నెమలి మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు, దానిమీద జరిమానా. అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. ఎవరూ పట్టించుకోరనుకునే కుందేలు, చిలుక కూడా రక్షిత ప్రాణులే. ఒకప్పుడు కాకి, ఎలుక, పండ్లు తినే గబ్బిలం వంటివాటిని నష్టకారులుగా లెక్కగట్టిన ఐదో షెడ్యూలు ఉండేది. 2022లో తెచ్చి 2023 ఏప్రిల్ నుంచి అమల్లో పెట్టిన సవరణతో అది పోయింది. రెండో షెడ్యూలులోని ఏదైనా జంతువును ఫలానా ప్రాంతంలో ఫలానా కాలానికి నష్టకారిగా ప్రకటించే అధికారం మాత్రం కేంద్రం చేతుల్లోనే ఉంది. రైతు స్వయంగా నిర్ణయించుకోలేడు.

దారి పూర్తిగా మూసుకుపోయిందని కాదు. పంటకో ప్రాణానికో ముప్పు తెచ్చే జంతువును తొలగించేందుకు అటవీ శాఖ పై అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చని చట్టంలోని 11వ సెక్షన్ చెబుతోంది. మీద పడ్డ జంతువు నుంచి ప్రాణం కాపాడుకునే క్రమంలో అది చస్తే నేరం కాదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. కేరళ 2022లో పంచాయతీ పెద్దలకే అడవిపందుల విషయంలో ఈ అధికారం అప్పగించింది. అక్కడా కాల్చేది లైసెన్సున్న తుపాకీ పట్టినవాళ్లే.

అర గ్రాము సీసం చేసే పని

చట్టం మాట పక్కన పెట్టినా లెక్క కుదరదు. ఎయిర్‌గన్ పెల్లెట్ బరువు దాదాపు అర గ్రాము. లైసెన్సు లేకుండా దొరికే తుపాకీ దాన్ని గరిష్ఠంగా 20 జౌళ్ల శక్తితో విసురుతుంది. తూటాల్లో చిన్నదైన .22 రైఫిల్ తూటాకే అందుకు ఆరేడు రెట్ల శక్తి ఉంటుంది. ఎలుకనో పావురాన్నో పడగొట్టడానికి సరిపోయే దెబ్బ, నాలుగు కిలోల మానుపిల్లికి తలలో సరిగ్గా తగిలితే తప్ప చాలదు. చీకట్లో, కొమ్మల చాటున, కదిలే తలకు గురి కుదరడం ఎంతమందికి సాధ్యం? పెల్లెట్ పొట్టలో దిగిన జంతువు అటకలోకి దూరి రోజుల తరబడి చస్తుంది. తర్వాత ఇల్లంతా వాసన. క్వింటాలు బరువున్న అడవిపందికైతే ఆ పెల్లెట్ తోలు కింద కొవ్వు దాకా వెళ్లడమే గొప్ప. రెచ్చిపోయిన పంది ఎదురు తిరిగితే రైతు కాలు చీలుతుంది. గురి తప్పిన పెల్లెట్ వందల అడుగులు పోతుంది. పక్క పొలంలో నీళ్లు కట్టేవాడి కన్ను పోవడానికి అంత శక్తి కూడా అక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. తిండి, గూడు అలాగే ఉంచి ఒక మానుపిల్లిని తీసేస్తే ఆ జాగా ఖాళీగా ఉండదు, కొన్నాళ్లకు ఇంకోటి వచ్చి చేరుతుంది. ఇక పక్షుల మాటకొస్తే, అరుణాచల్ ప్రదేశ్‌లో ఎయిర్‌గన్‌ల వల్ల అడవులు పక్షుల కూతలు లేకుండా మూగబోతున్నాయని గుర్తించి, 2021 మార్చిలో వాటిని అప్పగించే కార్యక్రమం మొదలుపెట్టారు. జనం వందలకొద్దీ తుపాకులు తెచ్చి ఇచ్చారు.

పందులు పడ్డ చెనక్కాయ చేను

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో అసలు నష్టం మానుపిల్లి వల్ల కాదు. చెనక్కాయ కాయపట్టే వేళకు పందుల మంద ఒక్క రాత్రి దిగితే చాలు, సాలు వెంబడి మూతితో దున్నేసి కాయలు నమిలి చెట్లు పక్కకు పడేస్తుంది. కుప్పం, పలమనేరు వైపు ఏనుగులు. రెండు వందల ఏళ్లుగా ఇక్కడ జాడలేని ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చాయి. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. గుంపులను వెనక్కి మళ్లించడానికి 2025 మే నెలలో కర్ణాటక నాలుగు కుంకీ (శిక్షణ పొందిన) ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటి శిబిరం ఉంది.

ఈ జంతువుల ముందు ఎయిర్‌గన్ పనికిరాదని రైతుకు తెలుసు. అందుకే కొందరు నాటు తుపాకీ, నాటు బాంబు, వైరు ఉచ్చు, కరెంటు తీగ దాకా పోతారు. నాటు బాంబును పంది కొరికేలోపు సొంత ఆవే కొరకొచ్చు. లైను నుంచి లాగిన కరెంటు తీగ ఏనుగునూ చంపుతుంది, తెల్లవారుజామున మోటారు వేయడానికి పోయిన మనిషినీ చంపుతుంది. సోలార్ కంచె అలాంటిది కాదు. అది సెకనుకోసారి అతి స్వల్ప కాలం పాటు మాత్రమే షాక్ కొడుతుంది. జంతువు అదిరి వెనక్కి తగ్గుతుంది, తీగ వదిలించుకునే వ్యవధి దానికి దొరుకుతుంది. ఇంటి కరెంటు ఆగకుండా పారుతూ కండరాలను పట్టేస్తుంది. చంపేది అదే.

పనిచేసే పద్ధతులు

అటక మీది మానుపిల్లికి మందు గూడు మూయడమే. సందేళ దాటాక అది ఏ సందులోంచి బయటికి పోతుందో కనిపెట్టి, పోయాక ఆ సందును ఇనుప జాలీతో మూయాలి. లోపల పిల్లలుంటే అవి తల్లి వెంట నడిచేదాకా ఆగాలి. చూరు మీదికి వంగిన కొమ్మలు కొట్టేయాలి. కొబ్బరి చెట్టుకు మనిషెత్తున అడుగున్నర వెడల్పు టిన్ రేకు చుట్టితే గోళ్లు పట్టు దొరక్క ఎలుక, మానుపిల్లి రెండూ జారిపోతాయి. పోసమ్‌ల దేశాల్లోనూ చెట్లకు ఇలాంటి రేకులే చుడతారు. రాలిన పండ్లు సాయంత్రమే ఏరేయడం, కోళ్లను సన్న జాలీ గూట్లో పెట్టడం, మామిడికాయలకు కవర్లు తొడగడం మిగిలిన పని పూర్తి చేస్తాయి.

పందికి చూపు మందం, ముక్కు చురుకు. చెనక్కాయ చుట్టూ నాలుగు సాళ్ల ఆముదం వేస్తే ఆ వాసన కాయ వాసనను కప్పేస్తుంది. ముళ్లున్న కుసుమ వరుసలు దారికి అడ్డం పడతాయి. ఒక్కో పద్ధతికి జంతువు కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది కాబట్టి మార్చుతూ ఉండాలి. నలుగురు రైతులు కలిసి చుట్టూ ఒకే కంచె వేసుకుంటే ఎకరాకు పడే ఖర్చు బాగా తగ్గుతుంది. ఒక్కడే వేసుకుంటే పందులు పక్కచేను మీద పడతాయి.

తుపాకీ మాట రైతు నోట ఊరికే రాలేదు. పంట పోయిన రోజు అధికారి రాక, పరిహారం ఏళ్లకు గాని అందక విసిగిన మాట అది. వన్యప్రాణుల దాడి వల్ల పోయిన పంటను 2026 ఖరీఫ్ నుంచి పంటల బీమాలో చేర్చుతామని, నష్టాన్ని 72 గంటల్లో ఫోటోలతో యాప్‌లో తెలపాలని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. మన రాష్ట్రం దాన్ని ఏ పంటలకు, ఏ మండలాల్లో వర్తింపజేస్తుందో గ్రామసభలో నిలదీసి అడగాల్సిన సంగతి అది. కంచెకు రాయితీ, మూడు రోజుల్లో అంచనా, సీజన్లోపు పరిహారం: ఈ మూడూ దక్కిన ఊళ్లో ఎయిర్‌గన్ కొనాలన్న ఆలోచన దానంతట అదే వెనక్కి పోతుంది.